అంగడికి బ్యాంకు అంగీకారం

పాఠ్యభాగ పరిచయం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. ఒక విషయానికి సంబంధించిన అంశాలను సేకరించి, క్రమంగా విశదీకరించే రచన వ్యాసం. కావ్యభాషతో పాటు వాణిజ్య వ్యవహారాల భాష కూడా విద్యార్థికి పరిచయం కావాలన్నది ఈ పాఠం ఉద్దేశం. బ్యాంకు కాగితం మీద సంతకం చేయవలసిన రోజు ప్రతివారికీ వస్తుంది. చదివి సంతకం చేసేవారు తక్కువ.

పాఠం

కళాశాల గేటు ఎదుట కొబ్బరిబొండాలు అమ్మే బండిని మీరందరూ చూసే ఉంటారు. బొండం చెక్కే కత్తి పక్కనే నలుపు తెలుపు గళ్లతో ఒక చదరపు ముద్ర అతికించి ఉంటుంది. ఫోనును దానికి ఎదురుగా పట్టి, మొత్తం నమోదు చేసి, రహస్యసంఖ్య నొక్కగానే బండి మీది చిన్న పెట్టె "నలభై రూపాయలు అందాయి" అని పలుకుతుంది. వ్యవహారం ముగిసింది. కొన్నవాడు నీళ్లు తాగి వెళ్లిపోతాడు.

ఇంత సులభంగా సాగే పని వెనుక ఒక ప్రశ్న దాగి ఉంది. ఆ బండి యజమాని ఎవరో, ఆయన అమ్మే వస్తువేమిటో, ఆ నలభై రూపాయలు చేరవలసిన ఖాతాదారుడెవరో బ్యాంకుకు ఎవరు చెప్పారు? కొనేవాడు వర్తకుణ్ణి కళ్లారా చూస్తాడు. బ్యాంకు అతణ్ణి చూడదు, సరకును రుచి చూడదు. అయినా వేలమంది సొమ్మును అతని ఖాతాకు చేరవేస్తుంది. అందుకు ముందుగా బ్యాంకు చేసే విచారణ, పొందే హామీలు, ఇచ్చే అంగీకారం ఈ పాఠంలోని విషయం.

వర్తకానికీ నమ్మకానికీ గల సంబంధం మనవారికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. తాము న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆ శాసనం సముద్ర వర్తకులకు హామీ ఇచ్చింది. అంటే అక్కడ వర్తకుడు రాజును నమ్మవలసి వచ్చింది. ఈనాడు బ్యాంకు వర్తకుణ్ణి నమ్మవలసి వస్తున్నది. తరువాతి కాలంలో ఒక ఊరి వర్తకుడు మరొక ఊరి వర్తకునికి రాసిన హుండీ చీటీ మీద సొమ్ము చేతులు మారేది. హుండీని నడిపించినవి చీటీ మీది అక్షరాల కన్నా రాసినవాని పేరుప్రతిష్ఠలు. నేటి వ్యవహారంలో ఆ పేరుప్రతిష్ఠల స్థానాన్ని పత్రాలు ఆక్రమించాయి. మాటలు మాత్రం పాతవే. అరబ్బీ, పారశీక భాషల నుంచి మన కచేరీలకు, అక్కడి నుంచి అంగళ్లకు వచ్చిన 'జమ', 'వసూలు', 'రసీదు' ఈనాడు ఫోను తెర మీద కూడా కనిపిస్తున్నాయి. భాషాభిమానులు కొందరికి ఇది రుచించకపోవచ్చు గాని, ఈ మూడు మాటలూ తెలుగువారి గల్లాపెట్టెలో ఎన్నడో జమ అయిపోయాయి.

నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే సంస్థ 2016 ఏప్రిల్ 11న యూనిఫైడ్ పేమెంట్స్ ఇంటర్‌ఫేస్ అనే చెల్లింపు వేదికను ప్రారంభించింది. వాడుకలో దీనినే యు.పి.ఐ. అంటున్నాం. ఇది వివిధ బ్యాంకుల ఖాతాలను ఒకదానితో ఒకటి తక్షణం మాట్లాడించే ఏర్పాటు. 2025 ఆగస్టు నెలలో దీని ద్వారా రెండు వేల కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి. చెల్లించేవాని బ్యాంకు ఒకటి, పొందేవాని బ్యాంకు మరొకటి, నడుమ ఈ వేదిక. వర్తకుని పక్షాన నిలిచి సొమ్మును స్వీకరించే బ్యాంకుకు బాధ్యత ఎక్కువ. వర్తకుడు మోసగాడని తేలితే అందరూ మొదట ఆ బ్యాంకునే అడుగుతారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. చూపునకు అన్ని చదరపు ముద్రలూ ఒకే విధంగా ఉంటాయి. వాటిలో కొన్ని వ్యక్తుల సొంత ముద్రలు, కొన్ని వర్తకుల ముద్రలు. మీ ఫోనులో మీ పేరిట కనిపించేది సొంత ముద్ర. మిత్రుడు మీకు బాకీ తీర్చడానికి అది చాలు. వర్తకుని ముద్రలో అతని వ్యాపారం ఏ తరగతికి చెందినదో తెలిపే సంకేతసంఖ్య కూడా ముడిపడి ఉంటుంది. ఇది నాలుగంకెలు గల సంఖ్య. కిరాణా దుకాణాలకు 5411, భోజనశాలలకు 5812, పుస్తకాల దుకాణాలకు 5942 అన్నవి ప్రపంచమంతటా చెల్లే సంకేతాలు. ఈ నాలుగంకెలను చూసి బ్యాంకు ఆ వ్యాపారానికి తగిన పరిమితులను, రుసుమును, నిఘాను నిర్ణయిస్తుంది. పుస్తకాల దుకాణంగా నమోదైన చోట అర్ధరాత్రి రెండు గంటలకు వరుసగా లక్షలు జమ అవుతుంటే బ్యాంకుకు అనుమానం రావడం సహజం.

సొంత ముద్రతోనే వ్యాపారం చేస్తే ఏమవుతుందని మీరు అడగవచ్చు. మా వీధి చివర ఒక గృహిణి పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతారు. భర్త మరణించిన తరువాత ఇద్దరు పిల్లల చదువుకు ఆమె ఎంచుకున్న ధనార్జన మార్గం అది. మొదటి రెండేళ్లు ఆమె తన పొదుపు ఖాతా ముద్రనే గోడకు అతికించారు. ఒకనాడు ఖాతాలోని సొమ్ము తీయడానికి వీలులేకుండా పోయింది. ఎక్కడో ఎవరినో మోసగించిన సొమ్ములో కొంత చేతులు మారి మారి ఈమె వద్ద ఆవకాయ కొన్నవాని ద్వారా ఈ ఖాతాకు చేరిందట. సైబర్ నేరాల ఫిర్యాదు మేరకు ఖాతాను నిలిపివేశారు. పెద్దవాడి కళాశాల రుసుము కట్టవలసిన వారం అది. "మాస్టారూ, నేను పచ్చడి అమ్మాను గాని ఎవరి సొమ్మూ తినలేదు గదా!" అని ఆమె అన్నప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆ సొమ్ము వ్యాపారంలో వచ్చినదని చూపడానికి ఆమె వద్ద బిల్లు పుస్తకం లేదు, దుకాణం పేరిట ఖాతా లేదు. వర్తకురాలిగా ఆమెను గుర్తించిన కాగితం ఒక్కటీ లేదు. ఇరవై మూడు రోజుల తరువాత ఖాతా తెరుచుకున్నది. ఆ మరునాడే, దుకాణం పేరిట నమోదు చేయించుకోవాలని ఇద్దరం నిశ్చయించుకున్నాం. వర్తకురాలిగా నమోదైనంత మాత్రాన ఇటువంటి చిక్కు రానే రాదని చెప్పలేను. వచ్చినప్పుడు చూపడానికి ఆధారం ఉంటుంది.

దరఖాస్తులో మొదట అడిగేది వ్యాపార స్వరూపం. ఒక్కరే యజమానియా, భాగస్వామ్య సంస్థయా, కంపెనీయా అన్నది తేల్చాలి. ఇది పాన్ సంఖ్యలోనే కొంత తెలిసిపోతుంది. పాన్‌లో పది స్థానాలు ఉంటాయి. మొదటి అయిదు అక్షరాలు, తరువాతి నాలుగు అంకెలు, చివరిది మళ్లీ అక్షరం. వీటిలో నాలుగవ అక్షరం పి అయితే వ్యక్తి, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, సి అయితే కంపెనీ, టి అయితే ట్రస్టు. వ్యక్తి విషయంలో అయిదవ అక్షరం ఇంటిపేరులోని మొదటి అక్షరం. ఇంట్లో పాన్ కార్డు ఉంటే తీసి చూడండి. ఏకైక యజమాని నడిపే దుకాణానికి వేరే పాన్ ఉండదు, యజమాని పానే దుకాణానికీ పాన్. బోర్డు మీద ఎంత గొప్ప పేరు రాసుకున్నా చట్టం దృష్టిలో ఆ దుకాణం, ఆ మనిషి వేరు వేరు కావు.

జి.ఎస్.టి. నమోదు ఉన్నవారి సంఖ్యకు పదిహేను స్థానాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది స్థానాలూ పాన్ సంఖ్యే. కాబట్టి ఒకరి పాన్ మరొకరి జి.ఎస్.టి.తో కలిపి సమర్పిస్తే కంప్యూటరు క్షణంలో పట్టుకుంటుంది. బ్యాంకు శాఖను తెలిపే ఐ.ఎఫ్.ఎస్. కోడులో పదకొండు స్థానాలు ఉంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, అయిదవది సున్న, మిగిలిన ఆరూ శాఖవి. ఆ సున్నకు బదులు ఓ అక్షరం రాసి దరఖాస్తు పాడుచేసుకున్నవారు ఎందరో ఉన్నారు.

తరువాత అడిగేవి గుర్తింపు, చిరునామా పత్రాలు. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఆధార్ వంటివి ఇందుకు చెల్లుతాయి. ఇది బ్యాంకు తన యథేచ్ఛగా పెట్టిన నిబంధన కాదు. అక్రమ ధన చలామణి నిరోధానికి 2002లో చేసిన చట్టం, ఖాతాదారును గుర్తించే విధానంపై రిజర్వు బ్యాంకు 2016 ఫిబ్రవరిలో ఇచ్చిన సమగ్ర ఆదేశాలు దీనికి మూలం. ఏకైక యజమాని అయితే ఆ వ్యక్తి పత్రాలతో పాటు, ఆ దుకాణం నిజంగా నడుస్తున్నదని తెలిపే ఆధారాలు రెండు చూపాలి. దుకాణాల చట్టం కింద నమోదు పత్రం, పురపాలక సంఘం లైసెన్సు, జి.ఎస్.టి. పత్రం, దుకాణం పేరిట వచ్చిన విద్యుత్తు బిల్లు వంటివి అందుకు పనికివస్తాయి. రెండు చూపడం సాధ్యం కాని చిన్న వర్తకుని విషయంలో, బ్యాంకు ప్రతినిధి స్వయంగా వచ్చి దుకాణాన్ని చూసి నిర్ధారించుకొని ఒక్క పత్రంతోనే అంగీకరించే వెసులుబాటు ఉన్నది. తోపుడుబండి వానికి ఈ వెసులుబాటే దారి. తినుబండారాలు అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగంకెల నమోదు సంఖ్య కూడా అవసరం. మన పచ్చళ్ల గృహిణికి ఇది ముందే ఉన్నది. సీసాల మీద అచ్చువేసి ఉండడం వల్ల వెంటనే దొరికింది.

అయినా ఆమె మొదటి దరఖాస్తు తిరస్కృతమైంది. కారణం పేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాన్‌లో అత్తవారి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరుకు బదులు ఒకే ఒక పొడి అక్షరం. మనకు ముగ్గురూ ఒక్కరే. యంత్రానికి ముగ్గురూ ముగ్గురే. ఖాతాదారు పేరు సరిచూడడానికి ఒక పద్ధతి ఉన్నది. దరఖాస్తులోని ఖాతాకు ఒక్క రూపాయి పంపుతారు. రూపాయి చేరగానే ఆ ఖాతా ఎవరి పేరిట ఉన్నదో తిరిగి వస్తుంది. ఆ పేరును పాన్ మీది పేరుతో పోలుస్తారు. కుదరకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. తిరస్కరణకు కారణం అడుగుతూ మేము రాసిన లేఖకు 'వివరాలు సరిపోలలేదు' అన్న రెండే మాటల ప్రత్యుత్తరం వచ్చింది. ఏ వివరాలో చెప్పి ఉంటే మాకు రెండు నెలలు మిగిలేవి.

ఇంటిపేరు ముందుండే తెలుగు పేర్లకు, పెళ్లితో ఇంటిపేరు మారే మన స్త్రీలకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పేరును మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అని మూడు గళ్లుగా విడదీసే దరఖాస్తులు మన సంప్రదాయాన్ని ఎరిగి తయారైనవి కావు. మూడు పత్రాల మీదా ఒకే పేరు, ఒకే వరుసలో, ఒకే అక్షరక్రమంలో ఉండేటట్లు చూసుకోవడం అత్యావశ్యకం. ఇంటర్మీడియట్ చదివే వయసులోనే ఈ పని చేసుకోవడం మంచిది. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండు సార్లు మాత్రమే మార్చుకోవచ్చునన్న సంగతి మరువరాదు. గృహిణి తన వివాహ ధ్రువపత్రం చూపి ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకున్నారు. ఆ పత్రంతో బ్యాంకు ఖాతాలోని పొడి అక్షరాన్ని పూర్తి పేరుగా రాయించారు.

వర్తకులు అందరూ నేరుగా బ్యాంకుకే వెళ్లరు. బ్యాంకుకూ వర్తకునికీ మధ్య సొమ్మును సమీకరించి పంచే సంస్థలు ఉన్నాయి. వీటిని పేమెంట్ అగ్రిగేటర్లు అంటారు. వేలాది చిన్న వర్తకుల పక్షాన ఇవి కార్డు, యు.పి.ఐ. చెల్లింపులను స్వీకరించి, లెక్క కట్టి ఎవరిది వారికి చేరవేస్తాయి. నడుమ ఉన్న సంస్థ ఆ సొమ్మును సొంతానికి వాడుకుంటే వర్తకుని గతి ఏమిటి? రిజర్వు బ్యాంకు 2020 మార్చి 17న ఇచ్చిన మార్గదర్శకాలకు ఈ ప్రశ్నే ప్రాణం. ఆ సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతి పొందాలి. దరఖాస్తు నాటికి కనీసం 15 కోట్ల రూపాయల నికర విలువ, ఆ తరువాత నిర్ణీత గడువులోగా 25 కోట్లు చూపాలి. వసూలైన సొమ్మును తమ సొంత ఖాతాలో కలుపుకోకుండా షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. ఎస్క్రో అంటే ఇద్దరి మధ్య వ్యవహారం తేలేవరకు సొమ్మును భద్రంగా పట్టి ఉంచే ఖాతా. పెళ్లి సంబంధాలలో కట్నం మధ్యవర్తి దగ్గర ఉంచే పాతకాలపు దురాచారంతో దీన్ని పోల్చవద్దని నా మనవి. క్లాసులో ఒక విద్యార్థి పోల్చాడు, అందరూ నవ్వారు, నాకు కాదనడానికి చాలాసేపు పట్టింది. తన వర్తకుల పూర్వాపరాలను విచారించే బాధ్యత కూడా ఈ సంస్థలదే. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఈ నియమాలను క్రోడీకరించి సమగ్ర ఆదేశాలుగా వెలువరించింది.

అంతర్జాలంలో అమ్మేవారికి విచారణ మరికొంత ముందుకు పోతుంది. దుకాణం కంటికి కనిపించదు కాబట్టి వారి వెబ్‌సైటే దుకాణం. అందులో వర్తకుని చిరునామా, ధరలు, సరకు పంపే గడువు, నచ్చకపోతే సొమ్ము వాపసు చేసే నిబంధనలు స్పష్టంగా ఉన్నాయా అని చూస్తారు. నిషిద్ధ వస్తువులు అమ్మేవారికి అంగీకారం లభించదు. కొనుగోలుదారుల కార్డు వివరాలను వర్తకుడు తన వద్ద దాచుకోవడం కూడా నిషిద్ధం. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు సంఖ్యకు బదులు టోకెన్ అనే మారుసంకేతాన్ని మాత్రమే వాడుతున్నారు.

ఇంత విచారణ ఎందుకని విసుగు కలగవచ్చు. కార్డుతో కొన్నవాడు 'నాకు సరకు అందలేదు' అని ఫిర్యాదు చేస్తే, విచారణ అతనికి అనుకూలంగా తేలినప్పుడు సొమ్ము వర్తకుని నుంచి వెనక్కి తీసుకుంటారు. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. అప్పటికే వర్తకుడు దుకాణం ఎత్తివేసి ఉంటే ఆ భారం అతనికి అంగీకారం ఇచ్చిన బ్యాంకు మీద, లేదా నడిమి సంస్థ మీద పడుతుంది. మరొకరి పేరిట ఖాతా తెరిపించి, నెలకు ఇంతని అద్దె ఇచ్చి, దొంగసొమ్మును అందులో నడిపించే ముఠాలు కూడా ఉన్నాయి. కళాశాల విద్యార్థులు వారికి సులభంగా దొరుకుతారు. "మీ ఖాతా ఇస్తే చాలు, పని ఏమీ లేదు" అని ఎవరైనా అంటే, పోలీసుల ముందు నిలబడవలసింది ఖాతాదారుడే అని గుర్తుంచుకోవాలి.

రుసుముల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రూపే డెబిట్ కార్డుతోనూ, బ్యాంకు ఖాతా నుంచి యు.పి.ఐ. ద్వారానూ జరిగే చెల్లింపుల మీద వర్తకుడు భరించవలసిన రుసుమును 2020 జనవరి 1 నుంచి తొలగించారు. క్రెడిట్ కార్డులకు రుసుము ఉంటుంది. అది ఎంతో ఒప్పందపత్రంలో రాసి ఉంటుంది, చిన్న అక్షరాలలో.

రుసుము కన్నా పన్ను భయం కొందరిని ఎక్కువగా బాధిస్తున్నది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యు.పి.ఐ. జమలను ఆధారం చేసుకొని చిన్న వర్తకులకు తాఖీదులు పంపింది. బెంగళూరులో అనేక దుకాణాల వారు చదరపు ముద్రలు తీసివేసి 'నగదు మాత్రమే' అని బోర్డులు పెట్టారు. పాలు, కూరగాయల వంటి పన్ను లేని వస్తువులు అమ్మేవారి నుంచి పన్ను వసూలు చేయబోమని ప్రభుత్వం తరువాత వివరించవలసి వచ్చింది. ఖాతాలో జమ అయిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు. బంధువు తీర్చిన బాకీ, కూతురు పంపిన పండుగ సొమ్ము కూడా అందులో ఉంటాయి. ఇంటి ఖాతాను, అంగడి ఖాతాను వేరుచేసుకోని వర్తకునికి ఆ తేడా నిరూపించడం కష్టం.

అంగీకారం లభించినంత మాత్రాన విచారణ ముగియదు. ప్రమాదం ఎక్కువని భావించిన ఖాతాదారుల వివరాలను రెండేళ్లకు ఒకసారి, మధ్యస్థమైతే ఎనిమిదేళ్లకు, తక్కువైతే పదేళ్లకు ఒకసారి బ్యాంకు తిరిగి సరిచూస్తుంది. వర్తకుడు కూడా తన ముద్రను రోజూ ఒకసారి సరిచూసుకోవాలి. రాత్రివేళ దాని మీద మరొకరి ముద్ర అతికించి పోయే దొంగలు ఉన్నారు. అన్నింటికన్నా ముఖ్యమైనది ఒకటి: సొమ్ము పంపడానికే రహస్యసంఖ్య కావాలి, పొందడానికి అవసరం లేదు. 'మీకు సొమ్ము పంపుతున్నాను, సంఖ్య నొక్కండి' అన్నవాడు సొమ్ము పంపేవాడు కాడు. మోసపోయినవారు 1930 నంబరుకు వెంటనే తెలియజేయాలి.

గృహిణి రెండవ దరఖాస్తు ఆరు రోజులలో ఆమోదం పొందింది. కొత్త ముద్ర మీద దుకాణం పేరు ఉన్నది. మొదటి రోజు సాయంత్రం ఆమె కంగారుగా వచ్చి, "మాస్టారూ, పెట్టె పదకొండు సార్లు పలికింది, ఖాతాలో మాత్రం ఒక్క రూపాయీ పడలేదు" అన్నారు. నడిమి సంస్థ ద్వారా నమోదైనందువల్ల ఆనాటి సొమ్మంతా మరునాడు ఒకే మొత్తంగా జమ అవుతుందని చెప్పాను. ఆమె నమ్మినట్లు కనిపించలేదు. పద్దుపుస్తకంలో పదకొండు అమ్మకాలనూ వరుసగా రాసి, కింద గీత గీసి 1,840 అని వేశారు. మరునాడు పది గంటలకు ఖాతాలో 1,840 రూపాయలు ఒకే వరుసలో జమ అయ్యాయి. ఆమె ఆ అంకె పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి, పుస్తకం మూసి, గోంగూర వేయించడానికి వెళ్లారు.

అర్థాలు

తాఖీదు: ప్రభుత్వం పంపిన హెచ్చరిక లేఖ
క్రోడీకరించు: చెదరి ఉన్నవాటిని ఒకచోట చేర్చు
నికర విలువ: అప్పులు పోగా మిగిలిన ఆస్తి విలువ
వెసులుబాటు: నియమంలో కల్పించిన సడలింపు
పూర్వాపరాలు: ముందు వెనుకల వివరాలు

ప్రశ్నలు

1. వర్తకునికి అంగీకారం ఇచ్చే ముందు బ్యాంకు ఏయే అంశాలను పరిశీలిస్తుంది? పాఠం ఆధారంగా వ్యాసం రాయండి.
2. పచ్చళ్ల గృహిణి మొదటి దరఖాస్తు ఎందుకు తిరస్కృతమైంది? తిరస్కరణ తెలిపిన తీరు సరైనదేనా? మీ అభిప్రాయం రాయండి.
3. ఎస్క్రో ఖాతా ప్రయోజనమేమిటి?
4. మోటుపల్లి అభయ శాసనాన్ని వ్యాసకర్త ఏ సందర్భంలో ప్రస్తావించాడు?
5. మీ ఇంట్లోని పాన్, ఆధార్, బ్యాంకు పుస్తకాలలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో పరిశీలించి, తేడాలుంటే వాటిని సరిచేయమని కోరుతూ బ్యాంకు మేనేజరుకు లేఖ రాయండి.

సంధులు: ధనార్జన (ధన + అర్జన, సవర్ణదీర్ఘ సంధి), యథేచ్ఛ (యథా + ఇచ్ఛ, గుణ సంధి), ప్రత్యుత్తరం (ప్రతి + ఉత్తరం, యణాదేశ సంధి), ఖాతాదారుడెవరు (ఖాతాదారుడు + ఎవరు, ఉత్వ సంధి).

సమాసాలు: పేరుప్రతిష్ఠలు (పేరు, ప్రతిష్ఠ, ద్వంద్వ సమాసం), నాలుగంకెలు (నాలుగు సంఖ్యగల అంకెలు, ద్విగు సమాసం).